ఊరి భూముల పరిరక్షణ సంఘం కార్యవర్గంలో కొత్తగా చేరినవారికి: మొదటి ఆరు నెలల పనులు, వాటి వరుస

నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, నారాయణపేట జిల్లాల ఊళ్లలో గైరాన్‌నో (ఊరి పశువుల మేత భూమి), గుట్టనో, కుంట శిఖాన్నో (కుంటలో నీరు నిలిచే నేల), వాగు ఒడ్డునో కాపాడుకోవడానికి ఏర్పడిన చిన్న సంఘాలు చాలా ఉన్నాయి. వాటి కార్యవర్గంలోకి కొత్తగా వచ్చినవారు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే తీరుగా ఉంటాయి: మొదట ఏ కాగితం చూడాలి, ఎక్కడ సంతకం పెట్టవచ్చు, కబ్జా కనిపిస్తే ఎవరికి చెప్పాలి. ఈ మార్గదర్శి ఆ ప్రశ్నలకే పరిమితం.

ఇలాంటి సంఘాల్లో చాలావాటికి తాము కాపాడే భూమిపై యాజమాన్యం ఉండదు. భూమి ప్రభుత్వానిదో, గ్రామ పంచాయతీదో, అటవీ శాఖదో అయి ఉంటుంది. సంఘం చేతిలో ఉన్నది కావలి బాధ్యత మాత్రమే. మీరు కార్యవర్గంలో తీసుకునే ప్రతి నిర్ణయమూ ఈ తేడా మీదనే ఆధారపడుతుంది. అందుకే ముందు కాగితాలు, తర్వాత మోఖా (భూమి దగ్గరికే వెళ్లి చూడడం), ఆ తర్వాత లెక్కలు, చివరకు పనులు అనే వరుసను మార్చవద్దు. చేరిన వారంలోనే జేసీబీ పిలిపించి కందకాలు తవ్వించే ఉత్సాహం మంచిదే కానీ, ఆ సర్వే నంబరు ఎవరిదో తేలకముందు దానివల్ల జరిగేది నష్టమే.

1. ఒప్పుకునే ముందు

సంఘం పెద్దలు ఇంటికి వచ్చి అడిగినప్పుడు మొహమాటంతో సరేనని, ఆ తర్వాత సమావేశాలకు రాని సభ్యులవల్ల కోరం (సమావేశానికి కావలసిన కనీస హాజరు) నిండక పనులు ఆగుతాయి. ఒప్పుకునే ముందు కింది విషయాలు స్పష్టంగా అడగండి.

- పదవీకాలం ఎంత, సమావేశాలు ఎన్ని నెలలకొకసారి, ఏ వేళలో జరుగుతాయి?
- సంఘంపై గానీ, సంఘం తరఫున గానీ కోర్టులో కేసులు నడుస్తున్నాయా?
- బ్యాంకు ఖాతాలో నా సంతకం ఉంటుందా?
- బాకీలు, తీరని కూలి డబ్బులు, లెక్క చెప్పని అడ్వాన్సులు ఉన్నాయా?

మీ వైపు నుంచి చెప్పవలసినది కూడా ఒకటి ఉంది. సంఘం కాపాడే భూమి గెట్టును ఆనుకుని మీకు గానీ మీ దగ్గరి బంధువులకు గానీ పట్టా ఉంటే, మొరం లేదా ఇసుక రవాణాతో, ప్లాట్ల వ్యాపారంతో, పంచాయతీ కాంట్రాక్టులతో సంబంధం ఉంటే, ఆ సంగతిని మొదటి సమావేశంలోనే చెప్పి తీర్మానాల పుస్తకంలో రాయించండి. చిన్న ఊరిలో అందరి పొలాలూ ఎక్కడో ఒకచోట ఉమ్మడి భూమిని తాకుతూనే ఉంటాయి కాబట్టి పొరుగు రైతు కావడం అనర్హత కాదు. దాచిపెట్టడమే తప్పు. ఆ సర్వే నంబరు చర్చకు వచ్చిన రోజు మీరు ఓటు వేయకుండా పక్కకు ఉండి, ఆ సంగతిని కూడా రాయించాలి.

2. సంఘం కాగితాలు: మొదటి రెండు వారాలు

సంఘం నమోదై ఉంటే అది సాధారణంగా 2001 నాటి సంఘాల నమోదు చట్టం కింద జిల్లా రిజిస్ట్రార్ వద్ద నమోదై ఉంటుంది. ఆ చట్టం కింద సంఘం పెట్టడానికి కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. కింది కాగితాలు ఒక్కొక్కటిగా మీ కంటితో చూడండి. "మన కార్యదర్శి దగ్గర ఉన్నాయి" అన్న మాటతో తృప్తి పడవద్దు.

- నమోదు పత్రం, ఆశయ పత్రం, నియమావళి
- రిజిస్ట్రార్‌కు చివరిసారి సమర్పించిన కార్యవర్గ జాబితా, దాని రసీదు
- సభ్యత్వ పుస్తకం, తీర్మానాల పుస్తకాలు
- పాన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, ఆడిట్ నివేదికలు
- ఆదాయపు పన్ను మినహాయింపు పత్రాలు ఉంటే వాటి గడువు తేదీ
- విదేశీ విరాళాల నమోదు ఉంటే దాని గడువు. పదాధికారుల మార్పును తెలియజేశారా లేదా

వీటిలో ఎక్కువగా తప్పేది కార్యవర్గ జాబితా. ఊరిలో ఎన్నిక జరుగుతుంది, దండలు వేస్తారు, ఫొటో దిగుతారు, రిజిస్ట్రార్ కార్యాలయంలో మాత్రం ఎనిమిదేళ్ల కిందటి పేర్లే ఉంటాయి. బ్యాంకు కొత్త సంతకాలను ఒప్పుకోనప్పుడో, ఎదుటి వకీలు "ఈ ఫిర్యాదు ఇచ్చినవారు అసలు కార్యవర్గమే కాదు" అని వాదించినప్పుడో ఇది బయటపడుతుంది. దీన్ని సరిచేయడానికి ప్రతి ఎన్నికకు సంబంధించిన సర్వసభ్య సమావేశ తీర్మానాన్ని పుస్తకంలో వెతికి, సంవత్సరాల వారీగా నకళ్లు తీసి, బకాయి జాబితాలన్నింటినీ ఒకేసారి సమర్పించి, రసీదు తీసుకోవాలి. తీర్మానమే దొరకని సంవత్సరానికి వెనకటి తేదీతో కొత్తది రాయవద్దు. సర్వసభ్య సమావేశం పిలిచి, కాగితం దొరకలేదన్న సంగతిని, ఆ కాలంలో పనిచేసినవారి పేర్లను ఈనాటి తేదీతోనే తీర్మానం చేయండి.

సంఘం నమోదు కాకుండా ఊరి కట్టుబాటు మీదనే నడుస్తున్నట్లయితే బ్యాంకు ఖాతా, విరాళాలు, కోర్టు వ్యవహారాలు దాని పేరిట సాగవు. అప్పుడు ప్రతి ముఖ్య నిర్ణయాన్నీ గ్రామ సభ తీర్మానంగా చేయించుకోవడమే దారి.

3. భూమిపై మన అధికారం ఎంత: మొదటి రెండు నెలలు

కార్యవర్గ సభ్యుడి అసలు పని ఇక్కడ మొదలవుతుంది. సంఘం కాపాడుతున్న ప్రతి సర్వే నంబరుకూ ఒక వరుస చొప్పున పెద్ద పట్టిక ఒకటి రాయండి. అందులో సర్వే నంబరు, విస్తీర్ణం, రికార్డులో భూమి స్వభావం, ప్రస్తుత వాడకం, బాధ్యత గల కార్యాలయం, సంఘానికి ఆ భూమిపై అధికారమిచ్చే కాగితం అనే ఆరు గడులు ఉండాలి. చివరి గడిలో చాలాచోట్ల "ఏమీ లేదు" అని రాయవలసి వస్తుంది. దానికి కంగారు పడనక్కరలేదు, దాన్ని ఖాళీగా మాత్రం వదలవద్దు.

స్వభావాన్ని బట్టి వెళ్లవలసిన కార్యాలయం మారుతుంది.

- గైరాన్, పోరంబోకు, ఇతర సర్కారీ భూమి: తహసీల్దార్. కంచె, మొక్కలు, తవ్వకం, ఏది చేయాలన్నా ముందుగా రాతపూర్వక అనుమతి కావాలి.
- చెరువు, కుంట శిఖం: రెవెన్యూతో పాటు నీటిపారుదల శాఖ. పూర్తి నీటి మట్టం హద్దు చూపే పటం వారి వద్ద అడగాలి.
- అసైన్డ్ భూమి: పేద కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చినది. 1977 నాటి చట్టం ప్రకారం దీని అమ్మకం, బదలాయింపు నిషేధం. ఇది సంఘం భూమి కాదు, ఆ కుటుంబంతో మాట్లాడి చేసుకోవలసిన ఏర్పాటు.
- అడవి: అటవీ శాఖ. అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉన్న నల్లమల వైపు ఊళ్లలో దీనికి తోడు 2006 అటవీ హక్కుల చట్టం కింద చెంచులకు, ఇతర అడవి బిడ్డలకు ఉన్న హక్కులను, వాటిపై గ్రామ సభకు ఉన్న పాత్రను ముందుగా తెలుసుకోవాలి.
- దేవాలయ భూమి: దేవాదాయ శాఖ.
- దానంగానో, కౌలుకో వచ్చిన పట్టా భూమి: దస్తావేజు రిజిస్టరు అయిందా, షరతులేమిటి, దాత వారసులు ఒప్పుకున్నారా అని చూడాలి.

శిఖం విషయంలో ఒక చిక్కు ఉంది. మన ప్రాంతంలో శిఖం పట్టాలు కూడా ఉంటాయి. నీళ్లు తగ్గినప్పుడు అలాంటి పట్టాదారు సాగు చేసుకోవచ్చు. మట్టి నింపడం, కట్టడాలు లేపడం మాత్రం కుదరదు. సాగు చేస్తున్న ప్రతివారినీ కబ్జాదారు అని పిలిస్తే కుంట కోసం మీతో నిలబడవలసిన రైతే మీకు ఎదురు తిరుగుతాడు.

చూడవలసిన రికార్డులు. 1954-55 ఖాస్రా పహాణీ (ఏ సర్వే నంబరు ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారో చూపే రికార్డు), ఆ తర్వాతి పహాణీలు, గ్రామ నక్షా (పటం), టీపన్ (సర్వే నంబరు కొలతల చిత్రం), నిషేధిత భూముల జాబితా, ఇప్పటి భూభారతి (భూ రికార్డుల పోర్టల్) వివరాలు. 2020 అక్టోబరులో వచ్చిన ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి మొదలైంది. సెల్‌ఫోన్‌లో పోర్టల్ చూసి వివరం తేలిపోయిందనుకోవడం కొత్త సభ్యులు తరచుగా చేసే పొరపాటు. పోర్టల్ చూపించేది నేటి నమోదును. గైరాన్ ఏ సంవత్సరంలో, ఎంత తగ్గింది, కాస్తు (సాగుదారు) గడిలో ఎవరి పేరు ఎప్పుడు ఎక్కింది అన్నది పాత పహాణీలలోనే కనిపిస్తుంది. వాటి ధ్రువీకృత నకళ్లు తహసీల్ కార్యాలయంలో అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. దీనికి గ్రామ స్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాల్లో 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు.

విస్తీర్ణం చదివేటప్పుడు. రికార్డులో 3.20 అని ఉంటే అది మూడు ఎకరాల ఇరవై గుంటలు, అంటే మూడున్నర ఎకరాలు. ఎకరానికి 40 గుంటలు. కంప్యూటర్‌లో పట్టిక వేసే యువకులు దీన్ని దశాంశంగా తీసుకుని కూడతారు. 3.25కు 2.30 కలిపితే 5.55 రాదు, 6 ఎకరాల 15 గుంటలు వస్తుంది. ఇలాంటి తప్పుతో వెళ్లిన ఫిర్యాదును సర్వేయర్ మొదటి చూపులోనే పక్కన పెడతాడు. ఎకరాలకు ఒక గడి, గుంటలకు ఒక గడి వేరుగా పెట్టుకోండి.

ఊరి ఉమ్మడి భూముల గురించి సుప్రీంకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో ఇచ్చిన తీర్పును కూడా ప్రతి కార్యవర్గ సభ్యుడు చదవాలి. ఆక్రమణల తొలగింపునకు పథకాలు రూపొందించాలని అది అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ప్రభుత్వ ఉత్తర్వు కింద భూమిలేని కూలీలకు, ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు లీజుగా ఇచ్చినచోట, అప్పటికే బడి, దవాఖాన వంటివి ఉన్నచోట క్రమబద్ధీకరణకు మినహాయింపుగా చోటు ఉంచింది. తీర్పులోని మొదటి సగాన్ని మాత్రమే చదివి వినిపించే సంఘాలు ఉన్నాయి. రెండో సగం కూడా అంతే ముఖ్యం.

4. మోఖా మీద నడక: రెండో, మూడో నెల

పట్టిక చేతికి వచ్చాకనే నడకకు వెళ్లండి. గడ్డి ఎండి హద్దు రాళ్లు బయటపడే ఫిబ్రవరి, మార్చి నెలలు దీనికి అనువైనవి. వాన నీరు ఎటు పారుతుందో తెలియాలంటే తొలకరి తర్వాత ఇంకోసారి నడవాలి. కార్యవర్గం ఒక్కటే వెళ్తే సగమే కనిపిస్తుంది. గొర్రెల కాపరిని, తూములు ఎత్తిన నీరటిని, కట్టెలకూ సీతాఫలాలకూ గుట్ట ఎక్కే ఆడవాళ్లను వెంట తీసుకుపోండి. పాత బండ్ల బాట ఎక్కడ ఉండేదో, ఏ రాయి జరిగిందో చెప్పగలిగేది వాళ్లే.

రాసుకోవలసినవి:

- హద్దు రాళ్లు: ఉన్నవి, విరిగినవి, లేనివి
- నక్షాలో ఉండి నేల మీద మూసుకుపోయిన బాటలు, వాగు కాలువలు
- కొత్తగా దున్నిన చాళ్లు, పాతిన కనీలు (రాతి స్తంభాలు), వేసిన బోర్లు
- మొరం తవ్విన గుంతలు, చెత్త పోసిన చోట్లు, కాలిన గడ్డి
- పశువులు, గొర్రెలు నీళ్లు తాగే చోట్లు

ప్రతి ఫొటోలో తేదీ, స్థలం నమోదయ్యేలా సెల్‌ఫోన్ అమర్చుకోండి. నడకలో ఎవరితోనూ హద్దు పంచాయితీ పెట్టుకోవద్దు. టేపు పట్టుకుని సంఘమే కొలవడం, జరిగిన రాయిని తిరిగి పాతడం అసలే వద్దు. కొలత ప్రభుత్వ సర్వేయర్ పని. దానికి దరఖాస్తు పెట్టి, పొరుగు రైతులకు నోటీసు అందిన తర్వాత, వారి ఎదుటనే పంచనామాతో చేయించాలి. సొంత కొలతతో మొదలైన తగాదా ఠాణా దాకా పోయిన తర్వాత, కబ్జా చేసినవాడికీ సంఘానికీ తేడా కనిపించదు.

నడిచేటప్పుడు నేలను ఖాళీ జాగాగా చూడవద్దు. చల్క (ఎర్ర ఇసుక) నేలల మీద పలుచగా గడ్డి, అక్కడక్కడ రేల, మోదుగ, బలుసు, పరికి పొదలు ఉన్న బీడు ఎందుకూ పనికిరానిదిగా కనిపించవచ్చు. గొర్రెలకు అదే మేత. అక్కడ మూడు మీటర్లకొక గుంత తీసి మొక్కలు నాటితే మేత తగ్గుతుంది, కాపరులు సంఘానికి దూరమవుతారు, నీళ్లు పోసే దిక్కు లేక మొక్కలూ మిగలవు. నాటడం కంటే ముందు సర్కారు తుమ్మను వేళ్లతో తీయడం, గుట్ట వాలులో నీటిని ఆపడం, ఉన్న మొదళ్ల నుంచి వచ్చే చిగుళ్లను కాపాడడం మేలు.

5. లెక్కలు, సంతకాలు

బ్యాంకులో మీ సంతకం నమోదు కాకముందే గత పన్నెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంటును నగదు పుస్తకంతో పక్కపక్కన పెట్టి సరిచూడండి. తేడా ఉంటే కోశాధికారిని నిందించకుండా, ఏ తేదీన ఎంత అని కాగితం మీద రాసి వివరణ అడగండి.

- ఖాళీ చెక్కుపై సంతకం ఎంతటి తొందరలోనూ పెట్టవద్దు. ఇద్దరి సంతకాలు తప్పనిసరి.
- జేసీబీకి ఎన్ని గంటలో, ట్రాక్టర్‌కు ఎన్ని ట్రిప్పులో పని చోట ఉన్న సభ్యుడు అదే రోజు రాసి సంతకం చేయాలి.
- కూలి డబ్బులు పేరు పేరునా హాజరు పట్టీ ప్రకారం, వీలైనంతవరకు బ్యాంకు ద్వారానే ఇవ్వాలి.
- ప్రతి విరాళానికీ వరుస నంబరు ఉన్న రసీదు ఇవ్వాలి. 2,000 రూపాయలకు మించిన నగదు విరాళానికి దాతకు ఆదాయపు పన్ను మినహాయింపు రాదని ముందే చెప్పాలి.

ఈ మధ్య పెరిగిన పొరపాటు ఒకటి ఉంది: అధ్యక్షుడి సొంత ఫోన్‌పే నంబరుకు విరాళాలు తీసుకోవడం. ఆయన నిజాయితీపరుడే కావచ్చు, కానీ ఆ డబ్బు కాగితం మీద ఆయన సొంత ఆదాయంలా కనిపిస్తుంది. సంఘం ఖాతాకే క్యూఆర్ కోడ్ తీసుకుని, అప్పటిదాకా వచ్చిన మొత్తాన్ని జాబితాతో సహా సంఘం ఖాతాకు మార్పించి, దానిపై తీర్మానం రాయండి.

సీతాఫలం, చింతపండు, చేపల వేలం డబ్బు సంఘానిదా, పంచాయతీదా, మత్స్య సహకార సంఘానిదా అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. వేలం రోజున తేల్చుకుందామంటే కుదరదు.

6. సమావేశాలు, తీర్మానాలు

నియమావళిలో చెప్పినన్ని రోజుల ముందు నోటీసు, అందులో చర్చించే అంశాలు, చెప్పినంత కోరం ఉంటేనే సమావేశం చెల్లుతుంది. తీర్మానాన్ని అక్కడే రాసి, గట్టిగా చదివి వినిపించి, సంతకాలు తీసుకోండి. ఇంటికి తీసుకుపోయి తీరికగా రాస్తామంటే ఒప్పుకోవద్దు.

"గుట్టను కాపాడాలని తీర్మానించనైనది" అన్న వాక్యంతో ఏ పనీ జరగదు. ఉదాహరణకు ఇలా ఉండాలి: "సర్వే నంబరు 126లోని గుట్ట దక్షిణ వాలుపై, తహసీల్దార్ అనుమతి వచ్చిన తర్వాత, మే నెలాఖరులోపు నీటి కందకాలు తవ్వించాలి, ఖర్చు 40,000 రూపాయలకు మించరాదు, పర్యవేక్షణ బాధ్యత ఫలానా ఇద్దరు సభ్యులది, తర్వాతి సమావేశంలో లెక్క చెప్పాలి." ఏ నేల, ఎవరి అనుమతి, ఎంత డబ్బు, ఎవరి బాధ్యత, ఎప్పటిలోగా అన్నవి లేని తీర్మానంపై సంతకం పెట్టకండి. మీకు అంగీకారం లేకపోతే ఆ మాటను కారణంతో సహా రాయించే హక్కు మీకు ఉంది.

వాట్సాప్‌లో బొటనవేలు గుర్తులు పెట్టడం తీర్మానం కాదు. అత్యవసరంగా అక్కడ ఒప్పుకున్నదాన్ని తర్వాతి సమావేశంలో పుస్తకానికి ఎక్కించాలి. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామ సభ రెండు నెలలకొకసారి జరగాలి కాబట్టి, సంఘం ముఖ్య నిర్ణయాలను అక్కడ కూడా వినిపించి, గ్రామ సభ తీర్మానం నకలు తీసుకోండి. సర్పంచ్ మారినా ఆ కాగితం మిగులుతుంది.

7. మేత, నీళ్లు వాడుకునేవారితో మాట

ఏ భాగాన్నైనా మేతకు మూసేముందు గొల్లకురుమల పెద్దలతో, కుంట మీద ఆధారపడిన ముదిరాజ్‌లతో, తండా వాళ్లతో కూర్చుని మాట్లాడాలి. మొత్తం గైరాన్‌ను ఒకేసారి మూయవద్దు. ఒక భాగాన్ని ఒకటి రెండు వానాకాలాలు వదిలి, మిగిలినది తెరిచి ఉంచి, ఎప్పుడు మారుస్తారో ముందే చెప్పండి. జరిమానాలు వేసే అధికారం సంఘానికి లేదు. అలాంటి బోర్డులు ఉంటే తీసేయండి.

8. కబ్జా కనిపించినప్పుడు

1. దూరం నుంచి ఫొటోలు తీసి, తేదీ, సమయం, సర్వే నంబరు రాసుకోండి. ఒంటరిగా, రాత్రిపూట వెళ్లవద్దు.
2. మూడో అంశంలోని పట్టిక తెరిచి ఆ భూమి స్వభావం చూడండి. అది అవతలివారి పట్టాయే కావచ్చు.
3. అదే రోజు అధ్యక్షుడికి, కార్యదర్శికి తెలిపి, సంఘం పేరుతో తహసీల్దార్‌కు రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఫోన్‌లో చెప్పినదానికి లెక్క లేదు.
4. నకళ్లు పంచాయతీ కార్యదర్శికి ఇవ్వండి. కుంట అయితే నీటిపారుదల ఇంజనీరుకు, మొరం తవ్వకం అయితే గనుల శాఖకు, అడవి అయితే రేంజ్ అధికారికి కూడా ఇవ్వండి. చెట్ల నరికివేతకు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టాన్ని ప్రస్తావించండి.
5. రెండు వారాల్లో కదలిక లేకపోతే ఆర్డీవోకు, కలెక్టరేట్‌లో సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి వెళ్లండి. పాత ఫిర్యాదు నకలు జతచేయండి.
6. అప్పటికీ జవాబు రాకపోతే ఫిర్యాదుపై తీసుకున్న చర్యలేమిటో సమాచార హక్కు కింద అడగండి. కోర్టు దాకా వెళ్లవలసి వస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను కలవండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు అక్కడ ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది.

కంచె పీకడం, పేర్లు, కులం రాసి సోషల్ మీడియాలో పెట్టడం, గొడవకు యువకులను ముందు నిలబెట్టడం వంటివి కేసును తలకిందులు చేస్తాయి. ఒకవేళ మీ సభ్యుడు ఇప్పటికే అలాంటి పోస్టు పెట్టి ఉంటే వెంటనే తీయించి, అది సంఘం మాట కాదని పుస్తకంలో రాయండి.

9. పాత కార్యవర్గం అప్పగించవలసినవి

ఈ జాబితాను రెండు నకళ్లుగా రాసి, ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు, ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి.

- నమోదు పత్రాలు, నియమావళి, సంఘం ముద్ర
- తీర్మానాల పుస్తకాలు, నగదు పుస్తకం, వాడని రసీదు పుస్తకాలు, వాటి నంబర్లు
- చెక్కు పుస్తకం, మిగిలిన చెక్కుల నంబర్లు, ఆ రోజు నాటి నిల్వ
- పహాణీ నకళ్లు, నక్షాలు, పెట్టిన ఫిర్యాదులు, కోర్టు కాగితాలు, వచ్చే వాయిదా తేదీలు
- ఈమెయిల్, పోర్టల్ పాస్‌వర్డులు, సంఘం పేరిట ఉన్న సిమ్ కార్డు
- గడ్డపారలు, పారలు, కంచె తీగ వంటి సామాను
- నోటి మాటగా చేసుకున్న ఒప్పందాలు: ఎవరితో, ఏమని, ఎప్పటిదాకా

చివరి అంశాన్ని కాగితం మీద పెట్టడానికి పాతవారు వెనకాడతారు. ఏదో ఒక కాపరికి ఒక బాట వదులుతామని, ఏదో ఒక రైతుకు ఈ ఏడు పంట తీసుకోనిస్తామని ఇచ్చిన మాటలు అందులో ఉంటాయి. అవి తెలియకుండా మీరు నోటీసు ఇస్తే సంఘం మాట తప్పినట్లవుతుంది. అందుకే అప్పగింత రోజున పాత అధ్యక్షుడిని, కార్యదర్శిని కూర్చోబెట్టి, ఒక్కో సర్వే నంబరు పేరు చదువుతూ, "ఇక్కడ ఎవరికైనా మాట ఇచ్చారా" అని అడిగి, వారు చెప్పినది చెప్పినట్లే రాసుకోండి.